టాన్ ఆంటీ కమలా తొక్కలు

పక్క ఫ్లాట్ టాన్ ఆంటీ పద్దెనిమిదేళ్లు దాచుకున్నదాన్ని నేను రెండు నిమిషాల్లో చెత్తపాలు చేశాను. ఆవిడ ఇప్పటికీ నన్ను పలకరిస్తోందంటే అదంతా ఆవిడ మంచితనమే.

పోయిన నెల నాకు దగ్గు పట్టుకుంది. మేముండే యూ టీ పేటలో ఫ్లాట్ల గోడలు పల్చన. వారం రోజులు నా దగ్గు విని విని ఆంటీ తలుపు కొట్టింది. చేతిలో చిన్న కవరు.

"నీళ్లలో మరిగించి తాగు. దగ్గుకి మంచిది," అంది.

థాంక్స్ చెప్పి తీసుకున్నాను. విప్పి చూస్తే నల్లగా ఎండి, వంకర్లు తిరిగిన తొక్కలు. పాత బీరువా తెరిచినట్టు వాసన. పాపం పెద్దావిడ, పాడైపోయాయని చూసుకోలేదేమో అనుకుని కిందికి జారిపోయే చెత్త గొట్టంలో వేసేశాను.

మర్నాడు లిఫ్ట్‌లో కలిసింది. "తాగావా?"

"తాగాను ఆంటీ, చాలా బాగుంది," అంటూనే దగ్గాను.

ఆవిడ దిగులుగా చూసింది. "నాట్ ఎనఫ్ లా," అంది, ఈ ఊరివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే ఆ "లా"తో.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గాజు సీసా పట్టుకుని నా తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఇవి కమలా తొక్కలు. మా మనవరాలు పుట్టిన ఏడు మా అమ్మ ఎండబెట్టింది. పాతబడేకొద్దీ మంచి మందు. అమ్మ పోయింది, ఇవే మిగిలాయి. అన్నీ తీసుకో."

సీసా అడుగున నాలుగంటే నాలుగు ముక్కలు. ఇంక అబద్ధం ఆడలేకపోయాను.

"ఆంటీ, నిన్నటివి నేను తాగలేదు. పాడైపోయాయనుకుని పారేశాను. సారీ."

తిడుతుందనుకున్నాను. చెప్పులు విప్పి, నేరుగా నా వంటింట్లోకి నడిచింది.

"గిన్నె ఎక్కడ? అల్లం ఉందా?" ఉంది. "దాల్చినచెక్క?" ఉంది. పోపుల డబ్బాలో లవంగాలు కూడా ఆవిడకే కనిపించాయి. "ఇవన్నీ మా చైనీస్ మందుల షాపులో తూచి పొట్లం కట్టి ఇస్తారు. నువ్వు ఇంట్లో పెట్టుకుని వారం నుంచి దగ్గుతున్నావు," అంది.

ఒక తొక్క వేసి మరిగించింది. కప్పు ఖాళీ అయ్యేదాకా నా ఎదురుగానే కూర్చుంది. నా మాట మీద అంత నమ్మకం మరి.

దగ్గు నాలుగు రోజుల్లో తగ్గింది. అదంతట అదే పోయిందో, ఆ తొక్క మహిమో నాకు తెలీదు. ఈ ఊరొచ్చిన ఆరేళ్లలో నేను మందు మింగానా లేదా అని ఎదురుగా కూర్చుని చూసిన మనిషి మాత్రం ఆవిడొక్కతే.

ఏదో ఒకటి ఇవ్వాలనిపించి, ఆదివారం అల్లం పచ్చడి చేసి పట్టుకెళ్లాను. ఆంటీ మూత తీసి వాసన చూసి, కళ్లజోడు పెట్టుకుని, పెన్ను తీసింది. "రోజుకి ఎన్నిసార్లు? అన్నానికి ముందా, తర్వాతా?"

"అన్నంలోనే ఆంటీ, పూటకో స్పూను," అన్నాను. శ్రద్ధగా రాసి ఫ్రిజ్ మీద అంటించుకుంది.

నిన్న పై అంతస్తు ఆంటీ ఒకావిడ మోకాళ్లు పట్టుకుంటూ మా ఇంటికొచ్చింది. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తానని ఎంతో చెప్పాను.

"పర్లేదు," అంది ఆవిడ సోఫాలో కూర్చుంటూ. "పచ్చడి ఇవ్వు చాలు."