వల తువ్వాలు

షాలిమార్ రైలు యార్డు పక్క మా బస్తీకి కుళాయి ఒక్కటే. చాటూమాటూ లేదు. మొగాళ్లు పని నుంచి వచ్చి అందరి ముందూ నీళ్లు పోసుకోవాల్సిందే. పక్కింటి పోలయ్య మట్టుకు రాజుగారిలా పీట మీద కూర్చుంటే, పెళ్లాం సన్యాసమ్మ వీపు రుద్దేది. శ్రీకాకుళం నుంచి తమ్ముడు పంపిన పాత నైలాను వలని మడతలు పెట్టి కుట్టి, పొడుగాటి తువ్వాలులా చేసుకుంది. దాంతో రుద్దితే మట్టే కాదు, తోలు కూడా లేచొచ్చేది. బొగ్గు గంపలు నెత్తిన మోసే మనిషి కదా, పొడంతా మెడ వెనక నుంచి జారి వీపు మీదే పేరుకునేది.

"బొగ్గుని పాలతో కడిగితే తెల్లబడిపోద్దేటే?" అని ఏడిపించేదాన్ని.

"నీకేటి నొప్పి? నా మొగుడు, నా ఇష్టం" అనేది. ఆ గీర చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆవిరింజన్లు పోయాక బొగ్గు పనీ పడిపోయింది. ఓ పొద్దున్న కాంట్రాక్టరు కూలీలందర్నీ ఇక రావద్దన్నాడు. మా ఆయన కూర్మయ్య వచ్చి మంచమెక్కాడు. ఎర్రజెండాలు మోసి ఏళ్ల తరబడి మీటింగులకి మైదానం దాకా నడిచిన మనుషుల్ని, దాదా అని పిలుచుకునే యూనియన్ లీడరు టీ ఇప్పించి పంపేశాడట. ఆ టీ మీద నాకింకా కోపం పోలేదు. పోలయ్య మాత్రం ఇంటికి రాలేదు. పని పోయిన సంగతి సన్యాసమ్మతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం వచ్చాడు, ఎప్పటిలాగే నల్లగా. నా ప్రాణం లేచొచ్చింది. ఇతన్ని మళ్లీ పెట్టుకున్నారంటే మా ఆయన్నీ పిలుస్తారు. బిందె అక్కడే వదిలేసి నిలబడిపోయాను.

సన్యాసమ్మ వల తువ్వాలు తడిపి అతని వెనక్కి వెళ్లింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. మొహం, చేతులు, ఛాతీ అంతా మసే. వీపు మాత్రం నిన్న తను రుద్దినట్టే శుభ్రంగా ఉంది. ఎక్కడి బొగ్గు పూసుకొచ్చాడో పాపం, అక్కడికి చెయ్యి అందలేదు.

నా ఆశ అక్కడే చచ్చింది. సన్యాసమ్మ నా వైపు చూసి, నోరెత్తొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. తర్వాత రుద్దడం మొదలెట్టింది, ఎప్పటికన్నా గట్టిగా. నీళ్లు తేటగా జారుతున్నాయి. వీపు ఎర్రగా కందిపోతోంది.

"ఏటే, ఇంకా పోనేదా?" అన్నాడు పోలయ్య.

"యాడ పోద్ది మావా, శానా పట్టేసింది. కదలకు" అంది.

నమ్మిందనుకున్నాడు కాబోలు, పోలయ్య ఇంకాస్త వంగి వీపు ఇచ్చాడు.