చిన్నగోరింట నీడ

మిషనక్క అని వీధి వీధంతా పిలిచే ఆ కుట్టుపని మనిషికి మధ్యాహ్నాలంటే బెంగ పట్టుకుంది. ఆమె గదికి రేకుల కప్పు. వెలుతురు కోసం మిషను పడమటి కిటికీ దగ్గర వేసుకుంది. పోయిన వేసవిలో, స్కూలు యూనిఫారాలు గుట్టపడి ఉన్న రోజుల్లో, ఆ ఎండకి తొక్కుతూ తొక్కుతూనే మిషను మీదికి వాలిపోయింది. సూది వేలిలో దిగితే గానీ తెలివి రాలేదు. మధ్యాహ్నం పని మానుకోమన్నాడు డాక్టరు. పొద్దున పూట కొలతలకీ కత్తిరింపులకే చాలదు. మధ్యాహ్నం మానడమంటే మిషను మూసెయ్యడమే. అదీ చేసి చూసింది. నూనె రాసి, గుడ్డ కప్పి కొన్నాళ్లు కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందుకని ఈసారి చలి తగ్గకముందే నీడ సంగతి పట్టించుకుంది. ఈ వేసవికి కప్పు మీద పాదు, రాబోయే వేసవులకి కిటికీ అవతల చెట్టు.

పాదు ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించలేదు. కాకర ఆకు చీలికలు చీలికలుగా ఉంటుంది, ఎండ దూరిపోతుంది. పొట్లకాయ తిన్నగా సాగాలంటే రాయి కట్టి వేలాడదీయాలి, రేకు మీద వేలాడేదెక్కడ? గుమ్మడి బరువుకి రేకులే కూర్చుంటాయి. మిగిలింది సొర. అందులోనూ వదిన ఇచ్చిన గుండ్రటి రకం ఆకు పళ్లెమంత ఉంటుంది. కాయలు లేతగా కోసేస్తే బరువు బాధ లేదు. కాగిన రేకు మీద తీగ మాడిపోకుండా ముందుగా ఎండుకొమ్మలు పరిచింది.

చెట్టు మాత్రం చిన్నగోరింటే కావాలనుకుంది. నలిపిన కాగితంలా ముడతలు పడ్డ పూలు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. చలికాలం ఆకు రాల్చి గదిలోకి ఎండ రానిస్తుంది, వేసవికి మళ్లీ కమ్ముకుంటుంది. అయితే అందులో కుండీల్లో మోకాలెత్తు దాటని రకాలున్నాయి, కప్పు దాటిపోయేవీ ఉన్నాయి. రంగు ఏదైనా సరే, పొడుగు రకమే తెమ్మని మొగుడికి రెండుసార్లు చెప్పింది. అతను నీళ్ల ట్యాంకరు నడుపుతాడు.

సాయంత్రం అతను దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో, క్యాబిన్లోంచి ఏపుగా ఉన్న మొక్కను దించాడు. ఆమె ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసింది. అలాగే గడప మీద కూలబడింది.

"ఇది గోరింటాకయ్యా."

"నువ్వడిగింది గోరింటే కదే."

"చిన్నగోరింట."

"నీడకి చిన్నదెందుకని, నర్సరీ వాణ్ణి బతిమాలి మరీ పెద్దది పట్టుకొచ్చా."

"చిన్నగోరింటంటే గోరింటలో చిన్నది కాదు. అది వేరే చెట్టు. దాని పేరే అంత."

అతను తలపాగా విప్పి మెడ తుడుచుకున్నాడు. "అంత చెట్టుకి చిన్న అని పేరు పెట్టిన మహానుభావుడెవడో దొరికితే, నా ట్యాంకరు కడిగించేవాణ్ణి."

ఆమెకి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక ఊరుకుంది. మళ్లీ నర్సరీకి పొమ్మనడానికి నోరు రాలేదు. కాసేపటికి గుర్తొచ్చి, "నువ్వు నీళ్లు పోసే ఆఫీసు వెనకాల, రోజూ చెట్టు కింద బండి పెట్టి కునుకు తీస్తావే, ఆ చెట్టేనయ్యా అది," అంది.

అతను తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. అన్నేళ్లుగా దాని నీడలో పడుకున్నాడు, పేరెప్పుడూ అడగలేదు.

మర్నాడు ఆ ఆఫీసు వాచ్‌మన్‌ని అడిగి, పెన్సిలు లావున ముదురు పుల్లలు కోసుకొచ్చాడు. ఆకు రాలి ఉన్న రోజులు గనక పుల్లలు బాగా నాటుకుంటాయంది ఆమె. తల్లి ఎంత ఎత్తు పెరిగితే పిల్లా అంతే, రకం మారే భయం లేదు. గోరింటాకుని దడి వారకి నాటేసి, కిటికీ అవతల పుల్లలు గుచ్చింది.

ఎండలు ముదిరేసరికి సొరపాదు సగం కప్పు కమ్మింది. ఆ సగం కిందకి, కిటికీకి దూరంగా, మిషను ఈడ్చుకున్నారు. వెలుతురు తగ్గింది, దారం ఎక్కించడానికి రెండు మూడుసార్లు తడుముకుంటుంది. కానీ మధ్యాహ్నం కూర్చోగలుగుతోంది. పుల్లల్లో ఒక్కటే చిగురేసింది. ట్యాంకరు అడుగున మిగిలిన నీళ్లు బకెట్టుతో తెచ్చి దానికి పోస్తూ అన్నాడతను:

"ఇది నీడిచ్చేసరికి నువ్వు మిషను మానేస్తావే."

"మానేస్తే దాని కింద కూర్చుని కాజాలు కుట్టుకుంటా. నెమ్మదిగా పొయ్యి, మన్ను కొట్టుకుపోతుంది," అని ఆమె మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.