గీత దాటని వోల్టేజీ

తొంభైల చివర్లో మా ఆఫీసు అశోక్‌నగర్‌లో, పోటీ పరీక్షల పిల్లలుండే హాస్టల్ పైఅంతస్తులో ఉండేది. కరెంటు సర్క్యూట్‌ను రాతలో పెడితే కంప్యూటర్ తెర మీద నడిపి చూపించే భాషను తయారుచేసేవాళ్లం. నా వాటాకు ఒకే ఫంక్షన్ వచ్చింది: వోల్టేజీ ఫలానా గీత దాటగానే కబురు చెప్పాలి. సోమవారం కొనేవాళ్లు చూడటానికి వస్తున్నారు. అది పనిచేస్తేనే నా ఉద్యోగం ఖాయం.

శుక్రవారం పరీక్షించాను. తెర మీది బ్యాటరీ మూడు వోల్టులు దాటితే దీపం వెలగాలి. ఖాళీ బ్యాటరీని నింపుకుంటూ వస్తే చక్కగా వెలిగింది. నిండు బ్యాటరీతో మొదలుపెడితే మాత్రం ఎంతసేపు చూసినా చీకటే.

చిక్కడపల్లి కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి, పని పెరిగేచోట బేరానికి దిగడం అలవాటు. మా సీనియర్ దగ్గరికెళ్లాను.

"అక్కా, నిండు బ్యాటరీతో మొదలుపెట్టొద్దని, కొన్నవాళ్లకిచ్చే పుస్తకంలో ఒక లైన్ రాసేద్దాం. ఎవరికేం నష్టం?"

ఆమెది మహబూబ్‌నగర్ దిక్కు. నారాయణగూడలో కిరాయికుంటూ రోజూ మా కొట్టు ముందు నుంచే నడిచొచ్చేది.

"తమ్మీ, మీ నాయన షట్టర్ ఎత్తంగనే ముందుగాల ఎటు చూస్తడు?"

నాకు తెలియదు. ఇరవై ఏళ్లు ఆ కొట్టు వెనకే పడుకున్నాను.

"మెట్టు దిక్కు చూస్తడు. తెరవకముందే వచ్చి కూసున్నోళ్లుంటరు కదా, వాళ్లకు ముందు ఇస్తడు. నీ ఫంక్షనేమో కొత్తగ మెట్టెక్కేటోళ్లనే చూస్తున్నది."

"సరే, ఉన్న ఫంక్షన్‌కే ఆ పని కూడా తగిలిద్దాం. పని తగ్గుతుంది."

"వద్దు. దాటుడు వేరు, ముందే ఉండుడు వేరు. దాటనోణ్ణి దాటిండని చెప్తే అబద్ధమైతది. ఇంకొకటి రాయి."

శనివారమంతా పక్కనే కూర్చుని రాయించింది. కొత్త ఫంక్షన్ మొదలైన క్షణంలోనే ఒకసారి చూస్తుంది. వోల్టేజీ అప్పటికే గీత పైన ఉంటే కబురు చెబుతుంది, తర్వాత కింది నుంచి పైకి దాటినప్పుడల్లా చెబుతుంది. పాతది పాతలాగే ఉంది. అంత పొందికగా ఆలోచించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సోమవారం వచ్చినవాళ్లలో పెద్దాయన మొట్టమొదట నిండు బ్యాటరీయే పెట్టాడు. దీపం వెలిగింది. ఎవరి ఆలోచనని అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆమె, "ఈ తమ్మి వాళ్ల కొట్టుది" అంది. సాయంత్రానికి నా ఉద్యోగం ఖాయమైంది.

మర్నాడు పొద్దున్నే మా కొట్టు షట్టర్ దగ్గర నిలబడ్డాను.

"ఏందిరా, ఆఫీసు లేదా?" అన్నాడు నాయన, నావైపు తిరగకుండానే. ఆయన మెట్టువైపు చూస్తున్నాడు.