బర్రె గుంజ, మోటారు కప్పీ

మా పాలవాళ్ల ఇంట్లో మోటారు కార్ల మరమ్మతు మొదలవుతుందంటే గల్లీలో ఎవరూ నమ్మలేదు. నేను మాత్రం ముందే చాటింపు వేశాను: మా అన్న బిగించబోయే గొలుసు కప్పీ చార్మినార్‌ను జానెడు పైకి లేపుతుందని, కింద ఊడ్చుకున్నాక మళ్లీ అక్కడే దించుతుందని. నిజానికి అది మోటారు ముందు భాగాన్ని ఎత్తి పట్టుకుంటే చాలు, మనిషి కింద దూరి పని చేసుకోవచ్చు.

అన్న చాలా ఏళ్లుగా అఫ్జల్‌గంజ్‌లో ఒక సేఠు కార్ఖానాలో మెకానిక్. సొంతంగా పని పెట్టుకోవాలన్నది ఒక్కటే అతని ఆశ. అందుకు మా బర్రెల కొట్టం సరిపోతుంది. లోపల నడుమ లావుపాటి టేకు దూలం ఉంది. ఆ దూలం కిందే గుంజ, గుంజకు మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చే బర్రె.

"బాపూ, కప్పీ నడిమి దూలానికే కట్టాలె. గా బర్రెను జర గోడ దిక్కు కట్టరాదు?" అన్నాడు అన్న.

"గుంజ మారిస్తే అది పాలు చేపుతదారా? పాలు బిగబడితే పొద్దుగాల ఇంటింటికి నీళ్లు పోసి రావాల్నా?"

"ఇప్పుడు మాత్రం ఏం పోస్తున్నం బాపూ?" అన్నాను నేను. బాపు చేతిలో ఉన్న పలుపు నా మీదికి విసిరాడు.

పాడి మీద బతికే ఇళ్లలో పాలిచ్చే పశువుకు చోటు మార్చరు, పిండే చెయ్యి మార్చరు. అది అన్నకూ తెలుసు. మళ్లీ అడగలేదు. తలుపు దగ్గరి సన్న దూలానికి కప్పీ కట్టి, నన్ను వేలాడమన్నాడు. దూలం కిర్రుమంది.

"ఆగుతదా అన్నా?"

"ఆగాలె," అన్నాడు.

అన్న సేఠు దగ్గర పని మానుకున్నాక వచ్చిన మొదటి మోటారు మలక్‌పేట వకీలు సాబుది. కప్పీ తలుపు దగ్గర ఉండటంతో మోటారు మూతి మాత్రమే లోపలికి వచ్చింది, వెనక భాగమంతా గల్లీలోనే ఉండిపోయింది. అన్న గొలుసు లాగి ముందు చక్రాలు లేపాడో లేదో, గడ్డి బండి ఒకటి వచ్చి ఆగింది.

"ఏందన్నా గిది? గల్లీ నీ ఒక్కనిదేనా?"

"జర ఆగు భాయ్, దించుతున్న!"

బండి వెనక ఇంకో బండి, దాని వెనక టాంగా. ఆ లొల్లి గోల్కొండ దాకా వినబడిందని తర్వాత చాలామందికి చెప్పాను. అన్న తొందరలో గొలుసు వదిలాడు. బరువు ఒక్కసారిగా ఊగేసరికి దూలం ఫట్‌మని విరిగింది. మోటారు మూతి దబ్బున నేలకు దిగింది, దాని ముందు దీపం పగిలింది. దేవుడి దయ, అప్పటికి కింద ఎవరూ లేరు.

వకీలు సాబు తిట్టి ఉంటే బాగుండేది. "చలో మియా, సేఠ్ కే పాస్ లే చలో," అని, బండిని అన్న పాత సేఠు దగ్గరికే పోనిమ్మని డ్రైవరుకు చెప్పి, పగిలిన దీపంతోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా గుమ్మం ముందు మరో మోటారు ఆగలేదు. అన్న సేఠు దగ్గరికే తిరిగి వెళ్లాడు.

బాపు ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున బర్రెను గోడ వైపు కట్టాడు. అది కొన్ని పూటలు మొండికేసింది, కాళ్లు ఝాడించింది, ఆ తర్వాత మామూలుగానే చేపింది. ఆ చేపిన రోజున బాపు ముఖం చూడలేకపోయాను. పాలు బిగబట్టి ఉంటేనే ఆయన ఎక్కువ సంతోషించేవాడేమో.

మర్నాడు పొద్దున అన్న అన్నం తింటుంటే బాపు పక్కన కూర్చున్నాడు.

"నడిమి దూలం కింద జాగ ఖాళీ చేసిన బిడ్డా. కప్పీ తెచ్చి కట్టుకో."

అన్న తల ఎత్తలేదు. "ఇప్పుడెవరొస్తరు బాపూ ఇక్కడికి? ఉన్న పని మంచిగనే ఉన్నది." చెయ్యి కడుక్కుని సైకిలు తీశాడు. "లేటయితే సేఠు గరం అయితడు."

బాపు గుమ్మం దాకా వెంట వెళ్లాడు. "సాయంత్రం మాట్లాడుదాం రా," అన్నాడు. సైకిలు అప్పటికే గల్లీ మలుపు తిరిగింది.