రంపానికి కట్టిన పూజ దారం

పెర్కిట్‌లోని మా ఇంట్లో దేవుని గది తలుపు చేయడానికి ఈ రోజు వడ్రంగి రాజేశం వచ్చాడు. అతని కరెంటు రంపం మిషన్‌కు పళ్లను కప్పే గార్డు ఉంది. దాన్ని పైకి లాగి, దసరా పూజలో మిషన్‌కు కట్టిన ఎర్రదారంతోనే బిగించి పెట్టాడు. చూసి కోపం వచ్చింది.

“గిదేంది తమ్మీ?”

“గార్డు అడ్డమొస్తదక్కా. దేవుని దారమే గదా, ఏం గాదు.”

“వేళ్లు కాయమని కట్టిన దారంతోని, వేళ్లను కాసేదాన్నే కట్టేస్తవా?”

అతను నవ్వి చెక్క అందుకున్నాడు. నేను ప్లగ్గు పీకి, కత్తెరతో దారం కోశాను. గార్డు టక్కున కిందికి దిగింది.

“పూజ దారం తెంపుతరా అక్కా? అపశకునం” అని మొహం ముడుచుకున్నాడు.

దారం తెగితే అపశకునమట. వేళ్లు తెగితే ఏమంటారో మీరే చెప్పండి.