వికెట్ పడ్డప్పుడల్ల బొమ్మ పోతుండె

ఆట ఆగిపోయిందంటే మా అన్న లేచి లోపటి అర్రలకు పోయి గడియ పెట్టుకునేటోడు. గా గడియ సప్పుడు ఇంటే చేతిల పని ఇడిచి తలుపు దిక్కు ఉరుకుతుంటి. నాకు క్రికెట్ అంటే ఏం తెల్వది, వీడియో గేములంటే మంట. అయినా ఒక ఆట ఎందుకు ఆగిపోతుందో ఎతుక్కుంట నెల దినాలు తలకాయ పలగ్గొట్టుకున్న. గడియ సప్పుడు ఇనొద్దని, గంతే.

అన్న పని చేసే గల్ఫ్ కంపెనీ మూతపడ్డది. జీతాల్లేక, క్యాంపుల తిండికి ఎల్లక, ఎట్లనో ఒట్టి చేతులతోని సిరిసిల్లకు వచ్చిండు. చేతులు ఒట్టియైతే ఏమాయె, మనిషి వచ్చిండు గద అనుకున్నం. మాట లేదు, నవ్వు లేదు. పక్క మండలంకెల్లి గల్ఫ్‌కు పోయినాయన ఒకలు ఫోన్ చేసి బాపుకు అసలు ముచ్చట చెప్పిండు: అన్నతోని ఒక్క రూముల పండేటి ఇబ్రహీంపట్నం దిక్కు మనిషి అక్కడ ఉరేసుకున్నడట. కిందికి దించింది మా అన్ననేనట. గా ఫోను వచ్చినప్పటిసంది మమ్ముల కన్న మా అవ్వ దండెం మీద చీరెలు ఆరేసుడు బంద్ చేసి, అన్ని బీరువల పెట్టి తాళమేసింది. ఎందుకని నేను అడగలే, ఆమె చెప్పలే.

అన్న నోరు తెరిచి అడిగింది ఒక్కటే. ఇంటర్‌ల కోరుట్లల మేనమామ ఇంట్ల ఉండి చదివిండు. చదివిండనుడే గని, బస్టాండు కాడ గేముల దుకాణంలనే ఎక్కువ ఉన్నడు. టీవీకి డబ్బా తగిలిచ్చి ఆడే క్రికెట్. "గది ఇప్పుడు దొరుకుతదా చెల్లే?" అన్నడు. నేను కంప్యూటర్ డిగ్రీ చేసి జిరాక్స్ దుకాణంల టైపింగ్ చేస్తుంటి. దొరకకపోవుడేంది, భూమి తవ్వన్న తెస్త అన్న. గా పాత డబ్బా ఎక్కడ దొరకలే గని, ఎమ్యులేటర్ అని ఒకటి ఉంటది. మన ల్యాప్‌టాప్‌తోనే గా డబ్బా యాక్టింగ్ చేపిస్తది. అది ఎక్కిచ్చి ముందటర్రల మంచం మీద పెట్టిన. అన్న వచ్చి కూసున్నడు. అవ్వ వంటింట్లకెల్లి తొంగి చూసి దండం పెట్టింది, దేవునికో ల్యాప్‌టాప్‌కో.

రెండు ఓవర్లు మంచిగనే నడిచింది. వికెట్ పడ్డది. తెర మీద చప్పట్లు కొట్టే జనాన్ని చూపియ్యబోయింది, బొమ్మంత ఆకుపచ్చ గీతలై బంద్ పడ్డది. మల్ల పెట్టినం, మల్ల గంతే. బౌండరీ కొడితే ఏం కాదు, వికెట్ పడితే జనం రావాలె, జనం వస్తే ఆట పోవాలె. అన్న లేచి లోపటికి పోయిండు.

"కరెంటు పిల్లా, కరెంటు," అన్నడు బాపు. పవర్‌లూమ్ మగ్గాలను మేం సాంచలంటం. సాంచలున్న ఇంట్ల ఏది చెడ్డా ముందుగాల కరెంటునే తిడతరు. మా ఇంటెనుక షెడ్డుల నాలుగు సాంచలు. దసర పండుగకు తప్ప బంద్ పెట్టని మనిషి, గా దినం పట్టపగలు నాలుగు బంద్ పెట్టి, "ఇగ ఆడుమను," అని వచ్చి నిలవడ్డడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గని మా వాడకట్టుల పగటిపూట సాంచల సప్పుడు ఆగిందంటే ఆ ఇంట్ల ఎవలో పోయినట్టే లెక్క. పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉరికచ్చింది. "అయ్యో, ఎవలే? ఎవలే పోయింది?" అనుకుంటనే, ముందుగాల మా అన్న మొకం దిక్కే చూసింది. అవ్వ ఇంతెత్తు లేచింది. "నీ నోట్లె మన్ను వడ! పోరడు కిర్కెట్ ఆడుతున్నడు, కనవడతలేదా?" అప్పుడే వికెట్ పడ్డది, ఆకుపచ్చ గీతలు. పక్కింటామె తన దిక్కు చూసిన చూపు అన్న చూసిండు. గా దినం పొద్దూకేదాక గడియ తియ్యలే.

జగిత్యాలల ఒకాయన ఎసొంటి ల్యాప్‌టాప్‌నైనా బాగు చేస్తడంటే బస్సెక్కిన. పోంగ పోంగ అవ్వకు ఎన్నిసార్లు ఫోన్ చేసిన్నో నాకే లెక్క లేదు. "ఏం జేస్తుండు?" "పండుకున్నడు." "తలుపు తీసి చూసినవా?" "గడియ పెట్టుకున్నడే." "పిలువు, పలుకుతడా?" కాలుగాలిన పిల్లి లెక్క సీట్ల కూసోలేకపోయిన. గా దుకాణపాయన మూత తెరిచి, మూత మూసి, "కొత్తది కొనుర్రి" అన్నడు. గీ మాట చెప్పుటానికి గింత దూరమా? నా నోటికి వచ్చిందంత అనేసి తిరుగు బస్సెక్కిన.

ఇగ నేనే మీద పడ్డ. యూట్యూబ్‌ల చూసిన ప్రతి సెట్టింగ్ మార్చిన. ఒకడు గిది పెంచుమంటడు, ఒకడు గది ఆపుమంటడు. పది ఒక్కసారే మార్చిన. అప్పటిదాక వికెట్‌కు పోయే బొమ్మ ఇప్పుడు టాస్‌కే పోవట్టె. నేను మంచం కోడును ఒక్క తన్ను తన్నితే బాపు షెడ్డుల నుంచి వచ్చిండు. "సాంచ ఆగితే ఏం జేస్తమే? తెగిన పోగు దొరికేదాక ఒక్కొక్క పోగే చూస్తం. నువ్వు అన్ని ఒక్కసారే గుంజితే ఏది తెగిందో ఎట్ల తెలుస్తది?" అన్నడు. సర్రున మండింది నాకు. ఆయన అన్నది నిజమాయె, అందుకు.

లోపటికెల్లి గడియ తీసిన సప్పుడు. అన్న బయటకు వచ్చిండు. "పెన్ను తే," అన్నడు.

నా పాత నోటుబుక్కుల గీతలు కొట్టి గళ్లు చేసిండు. నేను ఒక్క సెట్టింగ్ మార్చాలె, ఆయన రాయాలె, ఆడాలె. జనం రావాలంటే వికెట్ పడాలె గద, అందుకని కావాలనే బౌల్డ్ అయితుండె. కోరుట్ల దుకాణంల ఒక్క వికెట్ పోతే కొట్లాటకు దిగే మనిషి! "ఛీ, గింత చెత్తగ నా జిందగీల ఆడలేదే," అని నవ్విండు. వంటింట్ల అవ్వ చేతిల గరిటె ఆగింది. వారం దినాలు గదే పని. పిలవకముందే వచ్చి కూసునేటోడు, ఆకలైతుందని అడిగి తిన్నడు. "టైపింగ్ దానివి నీకేం తెలుసు, జరుగు" అని నన్ను ఎక్కిరిస్తుండె.

చివరికి దొరికింది. ఎమ్యులేటర్ తెర మీద బొమ్మలు గీసే పద్ధతి రెండు రకాలు, పాతదొకటి కొత్తదొకటి. వీడియోలల్ల అందరు కొత్తదే మంచిదన్నరు. నా ముసలి ల్యాప్‌టాప్‌కు అది పడతలేదు. పాతదానికి మార్చినం. వికెట్ పడ్డది, జనం వచ్చిండ్రు, నిలవడి చప్పట్లు కొట్టిండ్రు. మేం గూడ కొట్టినం. బాపు సాంచ ఇడిచి వచ్చి చూసిండు.

అన్న అరగంట ఆడిండు. మూత మూసిండు. "అయిపాయె," అని లోపటికి పోయి గడియ పెట్టుకున్నడు. తెల్లారి ల్యాప్‌టాప్ దిక్కు చూడనే లేదు. ఆ మరునాడు గూడ గంతే. మంచం మీద నేను పెట్టిన ఆట సల్లగ నడుస్తుంది, ఆడే మనిషి లేడు. ఆట బాగు చేసి ఆయనను నేనే చేతులార అర్రలకు పంపిచ్చిన అనుకొని ఏడ్చిన.

మూడో దినం పద్ధతి మల్ల కొత్తదానికి మార్చిన. సాలదని ఇంకోటి గూడ కెలికిన. తలుపు కొట్టి, "అన్నా, మల్ల పోయింది," అన్న.

గడియ తీసి వచ్చిండు. కూసున్నడు. నోటుబుక్కు తీసి కాయితం చూసిండు, తెర చూసిండు, నా మొకం చూసిండు.

"నువ్వే చెడగొట్టినవ్ గదనే."

నేను మంచం మీది దుప్పటి సదిరిన.

"నేను పండుకుంటే తలుపు కాడ కూసుంటవు. కింద సందుల నీ నీడ కనవడుతది. ఎన్ని దినాలు కావలి కాస్తరే మీరు?"

కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చినయి. "నువ్వు సచ్చిపోతవని భయమైతుందన్నా," అన్న. గప్పటిదాక మా ఇంట్ల ఎవ్వలు అనని మాట. వంటింట్ల సప్పుడు బంద్ అయింది.

అన్న తల ఎత్తలే. "నాగ్గూడ భయమైతుందే," అన్నడు.

ఏం జెయ్యాల్నో తోచక, మార్చింది సరిజేద్దామని ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టిన. నా చెయ్యి పక్కకు జరిపిండు.

"ఊకో. ఏది మార్చినవో చెప్పకు. నేనే దొరికిచ్చుకుంట."