సైన్సు గదిలో చెయ్యెత్తిన రోబో

నిన్న సాయంత్రం మా తమ్ముడి కూతురు ఒక రోబో కిట్టు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బొమ్మలో చూపించినట్టే అన్నీ బిగించిందట, అయినా సెన్సారు కనబడలేదనీ, సర్వో మోటారు దొరకలేదనీ ఫోనులో వస్తోందట. కళ్లజోడు పెట్టుకుని తీగలు ఒక్కొక్కటే తడిమి చూసి, తారుమారైన రెండింటిని సరిచేసి పెట్టగానే రోబో చెయ్యి తిప్పే ఆ చిన్న మోటారు గుర్రుమంది. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు రక్తపు వాసన తగులుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను గురజాల దగ్గర ఒక ఊళ్లో హైస్కూలు సైన్సు టీచర్ని. ఊరు రెండు ముక్కలు. ఒక వర్గం వాళ్లు తాగే టీ బంకులో రెండో వర్గం వాళ్లు తాగరు, ఒకరి కళ్లంలో మిరపకాయలు తొక్కిన కూలీని రెండో వాళ్లు పనికి పిలవరు. అలాంటి ఊళ్లో, తొమ్మిదో తరగతిలో, ఒక వర్గానికి పెద్దలైన పత్తి మిల్లు వాళ్ల అమ్మాయీ, రెండో వర్గానికి పెద్దయిన పాత సర్పంచి గారి మనవరాలూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. సైన్సు ఫెయిర్ కోసం బడికి వచ్చిన రోబో కిట్టును నేను ఆ ఇద్దరికే అప్పజెప్పాను.

ఎదురుగా మనిషి వస్తే పసిగట్టడానికి సెన్సారు, పసిగట్టగానే నమస్కారం పెట్టినట్టు చెయ్యెత్తడానికి సర్వో. ఎన్నిసార్లు బిగించినా బోర్డు ఆ రెండింటినీ గుర్తించేది కాదు. మిల్లు వాళ్ల అమ్మాయి సామానే పాడైందనేది, రెండో పిల్ల ఒప్పుకునేది కాదు, ఒకరి మీద ఒకరు అలిగి మళ్లీ మధ్యాహ్నం అన్నాల దగ్గర కలిసిపోయేవారు.

పంచాయతీ ఎన్నికల్లో మిల్లు వాళ్లు గెలిచిన మర్నాడు బడికి పిల్లలు సరిగా రాలేదు. వీళ్లిద్దరూ మాత్రం వచ్చారు. ఆ రోజే తప్పు దొరికింది. సెన్సారు తీగలు రెండు అటూ ఇటూ అయ్యాయి, మోటారుకిచ్చిన బ్యాటరీ నల్ల తీగను బోర్డు నల్ల తీగతో కలపనేలేదు. రెండూ సరిచేశాం. పాత సర్పంచి మనవరాలు ఎదురుగా నిలబడగానే రోబో చెయ్యెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని గెంతారు.

అప్పుడే వీధిలో నాటుబాంబు పేలింది. కిటికీ అద్దాలు గదిలోకి రాలాయి. మిల్లు వాళ్ల గెలుపు ఊరేగింపు మీద మిద్దెల పైనుంచి రాళ్లు పడ్డాయని, గొడ్డళ్లు బయటికొచ్చాయని తర్వాత తెలిసింది. మాకు కనిపించింది మాత్రం బడి గోడ దూకి సైన్సు గదిలోకి వచ్చి పడ్డ పాత సర్పంచి చిన్న కొడుకు, ఆ మనవరాలికి బాబాయి. భుజం మీద వేటు పడి చెయ్యి వేలాడుతోంది. నేను నా చీర కొంగుతో భుజం అదిమిపట్టి అతన్ని బల్ల వెనక్కి లాగాను. కొంగు తడిసి రక్తం నా మోచేతి దాకా కారింది.

వెనకాలే మనుషులు వచ్చారు. ముందున్నది మిల్లు వాళ్ల అమ్మాయి సొంత అన్న, చేతిలో గొడ్డలి. ఆ పిల్ల ఎప్పుడు వెళ్లిందో గుమ్మంలో నిలబడి ఉంది, గడప మీది రక్తం చుక్కల మీద పాదాలు వేసి.

"లోపలెవరూ లేరన్నా. మేం రోబో చేసుకుంటన్నాం."

బల్ల వెనక బాబాయి కదిలాడు. అతన్ని పసిగట్టి రోబో గుర్రుమంటూ చెయ్యెత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. పాత సర్పంచి మనవరాలు దాని చెయ్యి గుప్పిట్లో బిగించినా మోటారు కరకరమంటూనే ఉంది. చివరికి తీగలన్నీ పీకేసింది.

"ఏందా సప్పుడు?" అన్నాడు అన్న.

"రోబో అన్నా. మనిషిని చూస్తే చెయ్యెత్తుద్ది."

అతను చెల్లెల్ని తోసుకుని లోపలికి వచ్చాడు. బల్ల కింద కాలు చూశాడు, నన్ను చూశాడు, తిరిగి చెల్లెలి పాదాల కేసి చూశాడు. గొడ్డలెత్తి ఒక్క వేటు వేశాడు. బల్ల చీలింది, రోబో ముక్కలై గోడకు కొట్టుకుంది. వెనక్కి తిరిగి చెల్లెలి చెంప పగలగొట్టాడు. ఆ పిల్ల పెదవి చిట్లింది గాని పాదం కదల్లేదు.

"ఎవడూ లేడు, పదండ్రా," అన్నాడు బయటివాళ్లతో.

ఆ రోజు ఊళ్లో రెండు గడ్డివాములు తగలబడ్డాయి, ఒక ముసలాయన రాయి తగిలి చనిపోయాడు. బాబాయి బతికాడు గాని ఆ చెయ్యి మళ్లీ భుజం పైకి లేవలేదు. పోలీసు పికెట్టు ఎత్తేసిన కొన్నాళ్లకు, గురజాల రోడ్డు మీద మోటారు సైకిలాపి మిల్లు వాళ్ల అబ్బాయిని, ఆ రోజు గొడ్డలితో వచ్చిన అన్ననే, పట్టపగలు నరికేశారు. ముఖం గుర్తుపట్టేలా లేదని, చొక్కా చూసి వాళ్లమ్మ పోల్చుకుందని అన్నారు. కేసులో ఆ బాబాయి పేరు కూడా పెట్టారు. అతను అక్కడున్నాడో లేడో నాకు తెలియదు. కోర్టు అందరినీ వదిలేసింది. పాత సర్పంచి మనవరాలిని నరసరావుపేట హాస్టల్లో వేశారు, మిల్లు వాళ్ల అమ్మాయిని కృష్ణ అవతల మేనమామ ఇంటికి పంపేశారు. నాకూ బదిలీ అయింది.

పోయిన ఏడాది నడికుడి స్టేషన్లో మిల్లు వాళ్ల అమ్మాయి నన్ను గుర్తుపట్టి వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టింది. చంకలో బిడ్డ. అన్న మాట నేను ఎత్తలేదు, తనే ఎత్తింది. ఆ రోజు ఆ బాబాయిని వదిలెయ్యమన్నట్టు గుమ్మంలో నిలబడింది తనేనని, అతన్ని వదిలేసినందుకే అన్న పోయాడని అమ్మ ఇప్పటికీ అంటుందట. మళ్లీ అలా నిలబడతావా అని నేను అడగలేదు. బండి వచ్చే వేళకు తలొంచుకుని, తన బెంచీ నేస్తం పేరు చెప్పకుండానే, "అది ఎట్టుంది మేడం?" అంది. నాకు తెలియదన్నాను.

ఇప్పుడా ఊరికి సిమెంటు రోడ్లు వచ్చాయి, కూడళ్లలో కెమెరాలు పెట్టారు, గొడ్డళ్లు పట్టుకుని ఎవరూ తిరగడం లేదట. తిట్టుకోవాలంటే ఫోన్లలోనే తిట్టుకుంటున్నారట. సంతోషమే. కాని మొన్నామధ్య ఆ బడికి వెళ్లొచ్చిన టీచరొకరు చెప్పారు, ఒక వర్గం పిల్లలంతా గురజాల ప్రైవేటు బస్సు ఎక్కుతున్నారని, రెండో వర్గం పిల్లలే ఆ బళ్లో మిగిలారని. కొట్టుకోవడానికి ఎదురుపడే అవసరమే లేదిప్పుడు. అలిగి మళ్లీ అన్నాల దగ్గర కలిసిపోవడానికి, ఒక బెంచీ అంటూ కూడా లేదు.